బ్యాటరీ లేని ఏడుపు

ఓడ వంటశాలలో గరిటె తిప్పుతున్న మా ఇంటావిడకు,

ఏ రేవులో దిగి ఈ ఉత్తరం అందుకుంటావో గానీ, ఇక్కడ నేనూ, మన అమ్మాయి పిచ్చుకా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. మధ్యలో కంగారుపడకుండా చివరిదాకా చదువు.

నీ ప్రశ్నలకు జవాబులు. కుళాయి కారడం మానేసింది. నా దగ్గు తగ్గింది. రిపేరు దుకాణం నిండా మిక్సీలే, జనమంతా కూడబలుక్కుని పాడుచేసుకున్నట్టున్నారు. "అమ్మాయితో నిజంగానే మాట్లాడావా" అన్నదానికి తర్వాత వస్తాను.

కిందటేడు పిచ్చుక ఈడు పిల్లే కడుపుతో బడి మానేసింది కదా. అందుకని ఆరోగ్య పాఠం చెప్పే టీచరమ్మ ఈసారి పిల్లలందరికీ ఏడ్చే బొమ్మలు పంచింది. పసిబిడ్డంత బరువు. ఏడిస్తే ఎత్తుకోవాలి, పాలసీసా పట్టాలి, వారం రోజులు. చిన్నవయసులో తల్లయితే ఎంత కష్టమో తెలిసిరావాలట. "బొమ్మతోనే బుద్ధొస్తే ఇంకేం, నేనూ బొమ్మల కొట్టు పెట్టుకుంటా" అన్నాను. పిచ్చుక నవ్వలేదు.

అబ్బబ్బ, ఏం ఏడుపే అది! గొంతు చించుకుని, మధ్యమధ్య వెక్కిళ్ళు. పిచ్చుక ఎత్తుకుంటే ఊరుకునేది కాదు. నా భుజాన వేసుకుంటే కాస్త నెమ్మదించేది. రబ్బరు బొమ్మ, చల్లగా ఉండాలా వద్దా? వెచ్చగా ఉండేది.

గొంతు తగ్గించే మీట ఏమైనా ఉందేమోనని ఓ మధ్యాహ్నం దాని వీపున మరలు విప్పాను. లోపల బ్యాటరీ లేదు. పెట్టే చోటు కొత్తగా, ఖాళీగా ఉంది. అది నా ఒళ్ళో ఏడుస్తూనే ఉంది. కరెంటు షాకులు ఎన్ని తిన్నానో నీకు తెలుసు, ఎప్పుడూ అలా వణకలేదు.

తీసుకెళ్ళి టీచరమ్మకిచ్చేశాను. "అయ్యో, దీనికి బ్యాటరీ వేయడమే మర్చిపోయానండీ. ఇన్నాళ్ళూ మూగగానే ఉందా?" అంది. తలూపి వచ్చేశాను.

ఇంటి తలుపు తీస్తే మళ్ళీ అదే ఏడుపు. బొమ్మను పడుకోబెట్టిన చాప మీంచే. చాప మీద ఏమీ లేదు. పిచ్చుక గోడకానుకుని చెవులు మూసుకుని ఉంది.

"నీక్కూడా వినబడుతోందా నాన్నా?"

"వినబడుతోందమ్మా. ఎప్పట్నుంచి?"

"బొమ్మ రాకముందు నుంచీ."

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఉత్తరంలో "ఈడొచ్చిన పిల్లకి చెప్పాల్సినవన్నీ చెప్పాను" అని రాశాను చూడు, అది పచ్చి అబద్ధం. నాకు నోరు రాలేదు. నువ్వొచ్చాక చూసుకుంటావులే అని నాన్చాను. నన్ను తిట్టుకో, పడతాను.

ఆ చాప పక్కనే కూర్చుని అడిగాను. ట్యూషన్ దగ్గర ఒకడున్నాడట, దీనికంటే చాలా పెద్దవాడు. ఇష్టముంటే కాదనకూడదంటాడట. ఆదివారం వాళ్ళింట్లో ఎవరూ ఉండరు, రమ్మన్నాడట. "మొదటిసారికి ఏమీ కాదంట, నిజమేనా నాన్నా?" అంది.

"అబద్ధమమ్మా. మొదటిసారికైనా కడుపొస్తుంది. ఇష్టమున్నవాడు తొందరపెట్టడు. నీకు వద్దంటే వద్దు, అంతే."

ఒక్కో మాటా పన్ను పీకినట్టు వచ్చింది. మేం మాట్లాడుతుండగానే ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి ఆగిపోయింది. మర్నాడు ఆస్పత్రి నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఒంటి సంగతులూ, గర్భం రాకుండా ఉండే పద్ధతులూ ఏదీ దాచకుండా చెప్పింది. నాకే సగం తెలియదు సుమా! ట్యూషన్ మాస్టారితో మాట్లాడి వాణ్ణి మాన్పించాను, పిల్లని కాదు. పిచ్చుక ఇప్పుడు కడుపునిండా తింటోంది.

ఇంతవరకూ రాసేసరికి పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ కూతురికి పద్నాలుగేళ్ళు, నీకు గుర్తుందిగా. బొమ్మల పాఠం సిగ్గుమాలిన పాఠమని ఆ వారమంతా పిల్లని బడికే పంపలేదు.

"అన్నయ్యా, ఆ బొమ్మని మళ్ళీ తెచ్చారా? మా వంటింట్లోకి వినబడుతోంది," అంది.

పిచ్చుక నా వంక చూసి చెప్పులేసుకుంది. "తేలేదు పిన్నీ. చెల్లి ఒక్కతే ఉందా ఇంట్లో?" అంటూ బయల్దేరింది. నేను ఆ తల్లితో మాట్లాడాలి, ఉత్తరం ఇక్కడే ఆపుతున్నాను. ఆవిడ తలుపు తీసే ఉంచి వచ్చినట్టుంది, వాళ్ళింట్లోంచి ఏడుపు ఇక్కడికి వినబడుతోంది.

ఇట్లు,
నీ పిచ్చుక నాన్న