పసుపు కడిగి చూడు

చెల్లెలు వీరాయికి సింగానల్లూరు నుంచి అన్న రాసేది.

నీ కాలి పుండుకని మీ వదిన కాళి ఇచ్చిన మాత్రలు ఇక మింగకు. గొంతు వాపుకు వాటినే మింగి తను ఆసుపత్రి పాలైంది. లివరు బాగా దెబ్బతిందన్నారు. నిన్ననే స్పృహ వచ్చింది.

ఒళ్లు పచ్చబడుతున్నా మాకు తెలియలేదు. రోజూ పసుపు రాసుకునే మనిషి కదా. మిల్లులో తోటి ఆడవాళ్లు, "ఏమే కాళీ, మొగుడు మెచ్చాలని మంజ జాస్తిగా రుద్దిండావే!" అని ఆటపట్టించారట. తనూ నవ్విందట. ఆకలి చచ్చిందని, మూత్రం ముదురు రంగులో వస్తోందని నాకు చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు సబ్బుతో ముఖం కడిగినా రంగు పోలేదు. అప్పుడు కళ్లు చూశారు, అవీ పచ్చగా ఉన్నాయి.

అవే మాత్రలు పోయిన ఏడు నేనూ మింగాను, నాకేమీ కాలేదు. ఎందుకని డాక్టరును అడిగాను. "వేలమందిలో ఎవరో ఒకరికి ఇట్ల అవుతాదప్పా. ఎవరికని ముందే చెప్పలేము," అన్నారు. ఆ ఒక్కరు కాళే ఎందుకైందో ఆయనకూ తెలియదు.

స్పృహ రాగానే కాళి అడిగిన మొదటి మాట, "వీరాయి మింగిండాదా?"

తపాలా ఆలస్యమవుతుందని దీన్ని మీ ఊరికొచ్చే కంబం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. మింగి ఉంటే మిగిలిన మాత్రలు తీసుకొని ఈరోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. ముందు పసుపు కడుక్కొని, ఎండలో నిలబడి మీ ఆయనకు కళ్లు చూపించు. క్షేమసమాచారాలు తర్వాత రాయవచ్చు. తిరుగు బస్సులో నీ కళ్ల రంగు చెప్పి పంపు. కాళికి చెప్పాలి.

మీ అన్న