తాళం వేసిన ప్రోగ్రాం

రాయ్‌పూర్, 2017 ఆగస్టు

ప్రియమైన ఏంజెల్‌కి,

ఆస్పత్రుల కోసం నువ్వు రాసిన ప్రోగ్రాంని నాగ్‌పూర్‌లో తెగ మెచ్చుకున్నారట, పేపర్లో చూశాను. ఇక్కడ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మీ అమ్మ విజయకుమారి ఆంటీ ఆ పేపరు చర్చికి వచ్చినవాళ్ళందరికీ చూపించింది, మా అమ్మకి రెండుసార్లు. నాకు కడుపు మండింది. నేనూ ఆస్పత్రుల ప్రోగ్రామే అమ్ముతున్నాను, నా ఫోటో ఎవరూ వేయలేదు.

అయినా కోడంతా నెట్‌లో పెట్టి ఊరందరినీ చదవమనడం ఏంటే? తలుపులు బార్లా తీసి పడుకున్నట్టుంది. నా కోడ్ నేను తప్ప ఎవరూ చూడలేదు. నా ప్రోగ్రాం వాడుతున్న శంకర్ నగర్ నర్సింగ్ హోమ్ డాక్టరుగారు నీది ఉచితమట కదా అంటే, దొంగలకీ ఉచితమే అన్నాను.

కుళ్ళుతో,
రాజశ్రీ

నాగ్‌పూర్

రాజీ బంగారం,

నీ కుళ్ళు క్షేమంగా చేరింది. పదిమంది చదివితే తప్పులు దాగవనే బయట పెట్టాను. కానీ పొగిడేవాళ్ళే గానీ కూర్చుని చదివేవాళ్ళు తక్కువ. నువ్వు చదువు. నా తప్పులు నీకంటే పట్టిపట్టి ఎవరు వెతుకుతారు?

నీ ఏంజెల్

రాయ్‌పూర్

శ్రీమతి ఏంజెల్ మేడమ్ గారికి,

వారం రోజులు అన్నం సయించకుండా చదివాను. దొరికింది. రోగి రిపోర్టు తెరిచాక, పైనున్న వెబ్ అడ్రసులో చివరి అంకె మారిస్తే చాలు, పాస్‌వర్డ్ అడక్కుండా ఇంకొకరి రిపోర్టు వచ్చేస్తోంది. నీకు రాసేముందే అందరూ చూసేలా నెట్‌లో పెట్టాను. డాక్టరుగారు ఇక నాదే కొనసాగిస్తానన్నారు. నాకు చాలా హాయిగా ఉంది.

నీ మేలుకోరే,
రాజశ్రీ

నాగ్‌పూర్

ప్రియమైన రాజీ,

ముందు నా ఒక్కదాని చెవిన వేయాల్సింది. రోగుల సంగతి కదా, అందుకు కోపంగానే ఉంది. సాయంత్రానికల్లా సరిచేసి, కనిపెట్టింది నువ్వేనని నీ పేరు రాశాను.

ఆ భాగం కాలేజీలో మనిద్దరం కలిసి రాసింది. నీ ప్రోగ్రాంలోనూ అదే పెట్టుకున్నావు. నాది నువ్వు చూశావు, నీది ఎవరు చూస్తారు? నువ్వు నెట్‌లో రాసింది దొంగలూ చదివుంటారు. వెంటనే చూసుకో.

ఏంజెల్

రాయ్‌పూర్

ఏంజెల్,

చూశాను. అంకె మార్చగానే మా అమ్మ షుగర్ రిపోర్టు తెరుచుకుంది.

కొన్నవాళ్ళందరి దగ్గరా ప్రోగ్రాం ఆపించాను. డాక్టరుగారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన అరవలేదు. "బేటీ, ఇన్నాళ్ళూ ఇంకెవరెవరు చూశారు?" అన్నారు. తెలియదన్నాను.

నా కోడంతా దీనికి జతచేశాను. ఇంకొకరికి చూపించడం ఇదే మొదలు. నీ మీద కుళ్ళు ఇసుమంతైనా తగ్గలేదు, నా పేరు రాశావని తెలిశాక ఇంకాస్త పెరిగింది. చదివేటప్పుడు మాత్రం జాలిపడకు. నేను నీది ఎంత కసిగా చదివానో, అంత కసిగా చదువు.

నీ రాజీ