బారెటి మోటారు విప్పించాం

తమ్ముడు రుటియోకు,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. మన బారెటి వేటకు వెళ్లిన పొద్దు కూడా అన్ని పొద్దుల్లాంటిదే. కొబ్బరిచెట్టెక్కి పాడుతూ కల్లు గీశాడు. "పాట ఆపి దిగరా, చేపలు నీకోసం కాచుక్కూర్చోవు," అని అమ్మ కింద నుంచి అరిచింది. "నా పాట వింటేనే అవి పైకొస్తాయే అమ్మా," అన్నాడు. పెట్రోలులో నూనె పోసి డబ్బా కుదిపాడు. నేను చూశాను.

ఖాళీ పడవ దొరికిందని రేడియోలో విన్నావు కదా. నిన్న దాన్ని తెచ్చి అప్పగించారు. పెట్రోలులో నూనె కలపడం మరిచి, మోటారు పాడుచేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఊళ్లో అంటున్నారు. అమ్మ ఆ మాట పడలేక ఈ ఉదయం తొకాటా మామ చేత మోటారు విప్పించింది.

"నూనె ఉందక్కా, బేరింగులు ఇంకా తడిగానే ఉన్నాయి. మోటారును చల్లబరిచే నీళ్ల దారి ఉప్పుతో పూడిపోయింది. వేడికి పిస్టన్ బిగుసుకుని పట్టేసింది," అన్నాడు మామ. తర్వాత పిస్టన్‌ను వేలితో తడిమి వెలుగుకు తిప్పి చూశాడు.

"గీతల మీద గీతలున్నాయి. పట్టేసినప్పుడల్లా చల్లారనిచ్చి, స్టార్టు చెయ్యడానికి మళ్లీ తాడు లాగాడు."

"ఎన్నిసార్లురా?" అంది అమ్మ.

"చాలాసార్లక్కా."

అప్పటి నుంచి నాకు ప్రార్థన నోటికి రావడం లేదు.

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఇక వెతకొద్దనీ, ఆదివారం చర్చిలో వాడి పేరు చనిపోయినవారి పేర్లతో పాటు చదివించాలనీ అనుకున్నాం. నువ్వూ రేవులో ఓడలవాళ్లను అడగడం మానెయ్యి. అమ్మ కాదనలేదు. మోటారును మాత్రం అలా విప్పి వదలొద్దనీ, పాడైన ఆ పిస్టన్‌తోనే బిగించి పడవకు పెట్టాలనీ, వాడు పడ్డ పాటు దాని మీదే ఉందనీ అంది. మామ సరేనన్నాడు.

నీ పెద్దక్క