మీగడ వాసన

రుమైథియా,
గురువారం.

మా బాలు వాళ్ల నాన్నగారికి రత్నమణి వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. మీరూ, అత్తయ్యా, బాలూ చల్లగా ఉన్నారని, ఇక్కడ పక్కింట్లో పనిచేసే మన ఊరి సిల్వియా వాళ్లింటికి ఫోన్ చేసి కనుక్కుని చెప్పింది. తను రేపు సెలవు మీద ఊరొస్తోంది కదా, ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటారేమో, మీ గొంతు వింటే అసలు సంగతి దాటేస్తాను.

కర్రీ పాయింటుకి కొట్టు చూశానని, బోర్డు మీద నా పేరే రాయిస్తానని రాశారు. "నీ చేతి రుచి చాలు, పాలకొల్లంతా మన కొట్టు ముందే ఉంటుంది" అన్నారు. అబ్బో, మీ సంబరం! ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను.

ముందు అత్తయ్య అడిగిన ఇంగ్లీషు టీ గురించి చెప్పాలి. మా మామా, అదే మా అరబ్బు యజమానురాలు, చిన్నప్పుడు లండన్‌లో చదివింది. అందుకని గురువారం నాలుగింటికి స్నేహితురాళ్లను పిలిచి ఆ దేశం పద్ధతిలో టీ ఇస్తుంది. మూడంతస్తుల పళ్ళెం. కింద, కీరదోస ముక్కలు పెట్టి అంచులు కోసేసిన బ్రెడ్డు. మధ్యలో స్కోన్లు. పైన వేలెడంత కేకులు. కిందనుంచి తినుకుంటూ పైకి పోవాలి. స్కోనంటే పెద్దగా తీపి లేని బన్ను లాంటిది. విరిచి జామూ, చిక్కటి మీగడా రాసుకుంటారు. ముందు జామా, ముందు మీగడా అని అంత చదువుకున్న ఆడవాళ్లూ అరగంట వాదించుకుంటారు! పాలు విడిగా ఇవ్వాలి, టీ మరిగించకూడదు. అత్తయ్యకిస్తే "ఇదేం కషాయమే" అంటారు.

నాకు ఈ పని నచ్చింది. పిండి గ్రాముల్లో, ఓవెన్ నిమిషాల్లో. ఉప్పు చూసే పని లేదు.

పోయిన గురువారం మీగడ గిన్నె పొద్దుటినుంచీ ఫ్రిజ్ బయటే ఉండిపోయింది. మామూలుగా ఏది బల్లమీద పెట్టినా ముందు డ్రైవర్ ఆసిఫ్ రుచి చూసి చెప్తాడు. ఆ రోజు అతను ఒక అతిథిని తీసుకురావడానికి అహ్మది అనే ఊరికి వెళ్లాడు. నేను అలాగే పెట్టేశాను. బ్రెడ్డూ, కేకులూ అయిపోయాయి. స్కోన్లు మాత్రం కొరికినవి కొరికినట్టే తిరిగొచ్చాయి. మామా వంటింట్లోకొచ్చి గిన్నె నా ముక్కు దగ్గర పెట్టింది.

"యల్లా, త్వరగా వాసన చూడు."

"బాగానే ఉంది మామా."

ఆమె నా మొహంలోకి చూసి, "ఎన్నాళ్లయింది?" అంది.

రెండేళ్లయిందండి. ఇక్కడికొచ్చాక పట్టుకున్న ఆ జ్వరం తగ్గాక నాకు వాసనా లేదు, రుచీ లేదు. ఉప్పేదో పంచదారేదో నాలుకకి తెలియదు. తిరిగొస్తాయని డాక్టరన్నాడు, రాలేదు. మీ దగ్గర దాచడం తప్పే. వంట తప్ప నాకేం వచ్చని, అదీ పోయిందంటే నన్నేం చేసుకుంటారని భయపడ్డాను.

మామా అరవలేదు. "వంట ఖలాస్. ఇఖామా అయ్యేదాకా ఇల్లు చూసుకో, తర్వాత మీ ఊరెళ్లు" అంది. ఆ ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, వచ్చే నెలతో అయిపోతుంది.

బోర్డు రాయించకండి. ఇది చదివాక ఒక్కసారి ఫోన్ చేయండి. కొట్టు సంగతీ, కూరల సంగతీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు నన్ను రమ్మనండి.

ఇట్లు,
మీ బాలు వాళ్లమ్మ,
రత్నమణి