బోర్లా పడుకున్న ఊరు

చివ్వెంల,
మార్చి నెల, 1949

నా ఇల్లాలు ఏసమ్మకు,

ప్రభువు కృప నీకూ, మీ అన్న ఇంటిల్లిపాదికీ తోడుండాలె. ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అనే మాట ఈ రెండేండ్లల్ల మన దిక్కు చాన చౌకైపోయింది. తలకాయ మెడ మీదనే ఉండి, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతుంటే దాన్నే క్షేమం అంటున్నం. ఆ లెక్కన నేను నిండా క్షేమంగ ఉన్న. నువ్వు బెజవాడల అంతకంటె బాగనే ఉన్నవని తలుస్త.

ఈ ఉత్తరం టపాల వెయ్యలే. సూర్యాపేట బస్సు క్లీనరు సైదులు కోదాడ మీదుగ అటు వస్తున్నడని తెలిసి వాని చేతికిచ్చిన. ఎందుకో చివరికి నీకే తెలుస్తది. మీ అన్నతోని చదివియ్యకు, నువ్వే చదువు. మిషను బడిల నేర్చిన అచ్చరాలు తుప్పు పట్టినయంటే కూడబలుక్కొని చదువు. నేను సబ్బు డబ్బాల మీద, బస్సుల నెత్తి మీద చూసి నేర్చుకున్న అచ్చరాలతోనే ఇంత రాస్తున్న కద.

నీ జాబుల అడిగినవాటికి ముందు జవాబు చెప్త. దగ్గు తగ్గింది. రాత్రిపూట మాత్రం వచ్చి పలకరించి పోతున్నది, పాత చుట్టం లెక్క. మేక ఈనింది. వెనక గోడ వానకు కూలింది. మళ్ల పెట్టలే, దొంగలకు మన ఇంట్ల ఏం లేదని తెలియాలంటే గోడ లేకపోవుడే మేలు. కోళ్ల సంగతి అడిగినవ్. దాక్కునేటందుకు వచ్చినోళ్లు కొన్ని తిన్నరు, వాళ్లను వెతికేటందుకు వచ్చినోళ్లు మిగిలినవి తిన్నరు. తెల్లారిందని చెప్పేటందుకు ఇప్పుడు ఊళ్లె ఒక్క పుంజు లేదు. సూర్యుడు తనంత తానే లేచి వస్తున్నడు పాపం.

ఇగ నీ చివరి మాట. "ఎగిరిందా లేదా, దేవుని తోడు, ఒక్క ముక్క రాయి. ఎగిరితే మొదటి బస్సుకే వస్త. ఎగరకుంటే ఈడనే మా అన్న పంచన పడి ఉంట" అని రాసినవ్. ఒక్క ముక్కల రాసేదైతే నేను నీ పెనిమిటిని ఎట్లయిత? జర ఓపిక పట్టు.

నీ కోపం అన్యాయమని నేను ఏనాడూ అనలే. యుద్ధం రోజుల్ల హైదరాబాదుల విమానాల మైదానంల వడ్లపని చేసినప్పుడు కట్టె చెక్కి విరిగిన రెక్కలు అతికేటోణ్ణి. లోపల కట్టె, పైన గుడ్డ, ఇంతే కద, మంచానికి కాళ్లు పెట్టేటోడు సొంతంగ ఒక విమానాన్ని ఎందుకు చెయ్యలేడు అనిపించింది. ఆ ఒక్క అనుమానమే మన కొంప ముంచింది. మిర్యాలగూడ మిల్లు ఎనక పాతినుముల ఒక దొర కొడుకు పారేసిన మోటరు సైకిలు ఇంజను దొరకడం రెండో దురదృష్టం. మూడోది గుడ్డ. కంట్రోలు దినాలు అవి. ఇద్దరు కోడండ్లకు ఒక్క మంచి చీర ఉండి, ఒకామె సంతకు పోతే ఒకామె తలుపు ఎనక కూసున్న ఇండ్లు మన వాడలనే ఉండె. అట్లాంటప్పుడు ఏసు గుడి తరఫున నీకు వచ్చిన తెల్లగుడ్డ తాను మొత్తం నేను రెక్కలకు కప్పిన. "కట్టుకున్నదానికి గుడ్డ లేదు, కట్టెకు చీర కడుతున్నవా?" అన్నవ్. ఇన్నేండ్ల కాపురంల నువ్వు నన్ను తిట్టిన తిట్లన్నిట్ల అదే నెంబరు వన్ను.

నీకు చెప్పని సంగతొకటి. చింతగింజలు ఉడకబెట్టి, ఆ అంబలి రెక్క మీద పూస్తే గుడ్డ డప్పు లెక్క బిగుసుకుంటది. అంతవరకు నా తెలివి. కాని చింతగింజల అంబలి ఎంత కమ్మగ ఉంటదో ఎలుకలకు తెలుసు. ఒక్క వానకాలంల ఎడమ రెక్క మొత్తం మేసినయ్. మేకపోతు చింపిందని నీకు అబద్ధం చెప్పి, నీ దుప్పటి తెచ్చి అతుకు వేసిన. ఆ పొద్దే నువ్వు మూట కట్టినవ్. ఊళ్లె గడబిడలకు భయపడి పోయినవని అందరూ అనుకున్నరు. కాదని నాకు ఎరుకే.

నువ్వు పోయినంక సెప్టెంబరుల యూనియను పటాలాలు వచ్చినయ్ కద, అప్పుడు విమానాలు మన మీదికెల్లి పోయినయ్. విమానం చప్పుడైతే ఉన్నోడు ఉన్నకాడనే బోర్లా పడాలె, మొఖం మట్టిల పెట్టాలె, తల ఎత్తినోడు పైకి కనబడ్తడు అని ఎవరో చెప్పిండ్రు. ఊరంత చేన్లల్ల బోర్లా పడ్డది. ముసలోళ్లు, పసిపిల్లల తల్లులు, పోలీసు పటేలు బిక్షపతి, అందరూ. నేనొక్కన్నే గడ్డివాము పక్కన నిలబడి, వాటి రెక్క మలుపు ఎట్లున్నదో చూసుకుంట ఉన్న. ఊరంత నేర్చుకున్న పాఠం నేను నేర్చుకోలే. నేను చూసింది విమానాన్ని. వాళ్లు చూసింది సావును.

పోయిన నెల జొన్నకోతలప్పుడు గాలి లేని ఒక పొద్దుటిపూట, యాదగిరి ఎడ్లబండి మీద దాన్ని ఊరి బయట కోసిన చెలకలకు తోలిచ్చిన. యాదగిరి తెలుసు కద, మన పక్కింటోడు, ఎడ్లను పెండ్లానికంటె బాగ చూసుకుంటడు. రెక్కలు బిగించిన. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఇంజను తిప్పిన. అది మొత్తుకున్న మొత్తుకోలుకు ఎడ్లు బెదిరి బండితో సహా సూర్యాపేట దిక్కు ఉరికినయ్, వాటెంట యాదగిరి "హో, హో" అనుకుంట ఉరికిండు. నేను రాళ్లు తన్ని, ఎక్కి కూసున్న.

ఏసమ్మా, అది లేచింది.

తాటిచెట్టు ఎత్తు లేచింది, తర్వాత ఇంకొంచెం. మన ఇంటి కప్పు కనబడ్డది, బడి కనబడ్డది, కోదాడ దిక్కు పోయే బాట తెల్లటి నాడ లెక్క కనబడ్డది. ఇగ చూస్తరు, "యాకోబు, యాకోబు" అని పిల్లలు ఉరికొస్తరు, నన్ను చూసి నవ్వినోళ్లంత నోర్లు తెరుస్తరు అనుకొని కిందికి చూసిన.

ఊరంత బోర్లా పడి ఉన్నది.

కోత కోసే ఆడోళ్లు కొడవండ్లు ఇసిరికొట్టి కోసిన జొన్న కొయ్యకాళ్ల నడుమ పడ్డరు. పిల్లలను కింద పెట్టుకొని తల్లులు పైన పండుకున్నరు. బాట మీద బస్సు ఆగింది, దాని కిందికెల్లి కాళ్లు కనబడుతున్నయ్. వీపులు, అన్నీ వీపులే. ఆ వీపులను పట్టి ఎవరెవరో పోల్చిన గూడ. మొఖం మాత్రం ఒక్కటి లేదు. "నేను! నేనే! యాకోబును!" అని అరిచిన. ఇంజను మోతల నా గొంతు నాకే ఇనబడలే. ఇంకా కిందికి దిగి అరుద్దామని దించిన. దించిన కొద్దీ వాళ్లు ఇంకా నేలకు అతుక్కుపోయిండ్రు.

ఒక్కడు నిలబడ్డడు. ఫకీరా. దూది ఏకేటందుకు ఊరూర తిరిగే ఫకీరా, పుట్టు చెవిటి, మాట కూడ లేదు. వానికి చప్పుడు ఇనబడితే కద పడుకునేది. చేను నడుమ, ఏకేటి విల్లు భుజాన ఏసుకొని, మొఖం పైకెత్తి, నోరంత తెరిచి చూసిండు. నన్ను గుర్తుపట్టిండు. విల్లు పక్కన పెట్టి రెండు చేతులు చాపిండు, నా రెక్కల లెక్క. మన కాపురంల నాకు దొరికిన మెప్పు మొత్తం అదే.

దిగేటప్పుడు ఒక చక్రం విరిగింది, మోకాలు చీరుకున్నది. చెలకల కూసోని ఉంటే జనం మన్ను దులుపుకుంట వచ్చిండ్రు. మన వాడ ముత్తమ్మ ముందు వచ్చింది.

"ఇమానం వచ్చింది, నువ్వు ఏడ దాక్కున్నవయ్యా?"

"దాక్కోలే. అది నేనే ముత్తమ్మా."

"నువ్వా? అయ్యో, మనిషికి భయంతోని మతి పోయింది. లేవకు, పండుకో పండుకో, మళ్ల మర్లుతదేమో!"

యాదగిరిని అడిగిన. "నేను ఎడ్లను చూసినన్నా, నిన్ను చూడలే" అన్నడు. "నీ ఇంజను మోగింది, నిజమే. గంతల్నే మీదికెల్లి పటాలపు ఇమానం వచ్చింది. నీది పాపం ఈడనే ఉన్నది కద!" సాయంత్రానికి ఊళ్లె మాటల్ల అది రెండు బాంబులు ఏసిపోయింది. మర్నాడు మిర్యాలగూడ నుంచి వచ్చినోడు మూడు విమానాలని చెప్పిండు. నా దుప్పటి రెక్కకు అంత గౌరవం ఎన్నడూ దొరకలే.

నవ్వుతున్నవా? ఇక్కడితో ఆగితే నేనూ నవ్వుదును.

ఆ పుకారు పోయి పోయి సూర్యాపేటల క్యాంపు దాక పోయింది. పటాలం పంపని విమానం ఎక్కడిదని ఒక పెద్ద సాబు జీపుల వచ్చిండు. ఆ వారంల పక్క ఊళ్లె, ఇంట్ల తుపాకి దొరికిందని ఒకణ్ణి తీసుకపోయిండ్రు, ఇంకా రాలే. బిక్షపతి పటేలు సాబును నేరుగ మన ఇంటికి తోలుకొచ్చిండు. ఊరంత కూడింది. సాబు దాని చుట్టు తిరిగి, రెక్క మీద వేలుతోని కొట్టి చూసిండు.

"ఇది ఎగురుతదా?"

"ఎగిరేదైతే ఈడెందుకు ఉంటడు సాబ్?" పటేలు చేతులు కట్టుకొని అన్నడు. "పెండ్లాం అలిగి బెజవాడ పోయి నెలలాయె. గాడికే ఎగిరిపోతుండె."

జనం నవ్విండ్రు. సాబు నా దిక్కు చూసిండు. "నువ్వు చెప్పు ముసలాయనా."

ఇన్నేండ్లు నేను ఎదురు చూసిన ప్రశ్న అది. ఒక పెద్ద మనిషి, ఊరంత ముందట నిలబెట్టి అడగాలె, నేను చెప్పాలె. చెప్పిన.

"ఎగరది సాబ్. ఆటబొమ్మ. పిల్లలు ఎక్కి కూసుంటరు."

అంతల ఫకీరా జనాన్ని తోసుకొని ముందుకొచ్చిండు. నన్ను చూపించిండు, ఆకాశం చూపించిండు. చేతులు చాపి జీపు చుట్టు ఉరికిండు, వంగుకుంట, లేచుకుంట, నా మలుపు ఉన్నది ఉన్నట్టు. మళ్ల వచ్చి నా గుండె మీద చెయ్యి పెట్టి నవ్విండు. ఇంత గొప్ప సంగతి చెప్పకుంట నేను బెట్టు చేస్తున్న అనుకున్నడు పిచ్చి తండ్రి.

"వీడేమంటున్నడు?" అన్నడు సాబు. నవ్వులు ఆగిపోయినయ్. పటేలు మొఖం తెల్లబడ్డది.

"పిచ్చోడు సాబ్. కాకిని చూసినా గిట్లనే చేస్తడు" అన్న.

నోటితో అని ఊకుంటే వానికి ఇనబడకపోతుండె. కాని సాబుకు నమ్మకం కలగాలె అని, నేను వేలు కణత కాడ పెట్టి తిప్పి చూపించిన. ఊరంత నవ్వింది. ఆ నవ్వు వానికి ఇనబడలే. నా వేలు కనబడ్డది. అంతమందిల నా మాట సరిగ్గ అర్థమైనోడు వాడొక్కడే.

ప్రభువును ఎరగనన్న శిష్యుని కథల లెక్క కోడి కూసిందా అని అడుగుతవేమో, నీ గుడి బుద్ధి నాకు ఎరుకే. ఊళ్లె కోడి లేదని ముందే రాసిన.

సాబు నవ్వుకుంట ఇంజను మాత్రం జీపుల ఏయించుకొని పోయిండు. పిల్లలు నిజంగనే ఎక్కి కూసున్నరు, రెండు రోజుల్ల ముక్కలు చేసిండ్రు. నేను అడ్డం పోలే. బొమ్మ అని చెప్పినోణ్ణి నేనే కద.

మొన్న ఫకీరా బాట మీద ఎదురుపడ్డడు. చుట్టుపక్కల ఎవరు లేరు. నేను నిలబడి రెండు చేతులు చాపిన. నువ్వు చూసింది నిజమే అని చెప్పుకుందామని. వాడు అటు చూసిండు, ఇటు చూసిండు. తర్వాత తన వేలే తన కణతకు పెట్టుకొని తిప్పుకున్నడు. విల్లు భుజానికెత్తుకొని పోయిండు.

ఇదీ సంగతి. ఎగిరింది ఏసమ్మా, దేవుని తోడు. మాట ఇచ్చినవ్ కాబట్టి మొదటి బస్సుకే బయలెల్లుతవ్. అదే నా భయం. నీ నోరు నాకు తెలుసు. బాయికాడ ముత్తమ్మ "మీ ఆయన బొమ్మ" అని పకపక నవ్వితే నువ్వు కడవ దించి జవాబు చెప్తవ్. చెప్పిన పొద్దే జీపు మళ్ల వస్తది. నన్ను పట్టుకపోతే పోనీ. నిజం చెప్పినందుకు ఫకీరాను గూడ పట్టుకపోతరు. పిచ్చోడు కాదని అప్పుడు అందరికీ తెలుస్తది.

అందుకని బాగ ఆలోచన చేసుకో. ఎగిరినోని పెండ్లానివి అయ్యుండి, ఎగరనోని పెండ్లాం లెక్క ఈ ఊళ్లె బతకాలె, నవ్వితే నువ్వు గూడ ఇంత నవ్వాలె. నీతోని అయితదంటే రా. కాదంటే ఆడనే ఉండు, నేను తప్పు పట్ట. జవాబుల మాత్రం ఈ సంగతి ఒక్క అచ్చరం రాయకు. దీన్ని చదివి పొయిల పెట్టు.

ఇట్లు,
ఊళ్లె ఎవరడిగినా ఎగరని నీ పెనిమిటి,
యాకోబు