బావ మెచ్చిన జెట్టు విమానం

గురువారం రాత్రి, 1966.

బుచ్చిరెడ్డిపాలెం బావ మీద ఒళ్లు మండిపోతోంది. మద్రాసు నుంచి బొంబాయికి ఒక రకం జెట్టులో పోయి, ఇంకో రకం జెట్టులో తిరిగొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే పురాణం.

"తోక దగ్గర ఇంజన్లుండేదే మేలబ్బా. సర్రున లేస్తాది, లోపల సద్దే తెలీదు. రెక్కల కింద ఇంజన్లుండే దాంట్లో చెవులు పగిలినాయి!"

"వానలో దిగితే ఏది బాగా ఆగుతాది బావా?" అని అడిగాను.

"అదెవురికి తెలుసు? సీట్లు మాత్రం దూదే!"

ప్రాణాలు అప్పజెప్పే బండిని సీట్లు చూసి మెచ్చుకుంటాడా! రైలింజన్ నడిపేవాణ్ణి, నాకు మండదా? గట్టిగానే అరిచాను.

బావ నవ్వాడు. "నీ రైలెక్కేవాళ్లు బ్రేకులు చూసే ఎక్కతా ఉండారా? నువ్వు చూసుకుంటావనే గదా!"

ఆ మాటకి ఇంకా మండింది. ఈ పొద్దున నా ఇంజన్‌కు బ్రేకు కాస్త ఆలస్యంగా పట్టింది. దిగగానే షెడ్డులోని మరమ్మతుల పుస్తకంలో రాయాలి. బావ వచ్చాడని కబురు రాగానే, లోపాలేవీ లేవని సంతకం పెట్టి వచ్చేశాను. తెల్లవారితే ఆ ఇంజన్ని ఇంకొక డ్రైవరు తీస్తాడు.

బావను తిట్టడానికి ఈ డైరీలో ఇంత రాశాను. రాయాల్సిన చోట ఒక్క ముక్క రాయలేదు. చొక్కా తొడుక్కుని షెడ్డుకు పోతున్నాను.