ట్యాంకు మూత మీద బొట్టు

నూకరాజుకి,

దీవెనలు ఈసారికి లేవు. నువ్వు యానాంలో తాగి దిగులు తీర్చుకుంటుండగా ఇక్కడ నీ బోటు మోటారు బాగయింది.

సముద్రంలోకి వెళ్ళిన కాసేపటికే ఆగిపోతోందని కార్బురేటర్ మార్చావు, పెట్రోలు పంపు మార్చావు. అప్పటికీ ఆగుతుంటే, "ఈ పిల్ల అడుగుపెట్టినప్పట్నుంచే అమ్మమ్మా" అంటూ దేవికని పుట్టింటికి పంపేశావు. ఏ మెకానిక్కుకీ తట్టని రిపేరు.

నిన్న ట్యాంకు నేనే చూశాను. మీ పెళ్ళయ్యాక వచ్చిన దసరా పూజకి మూతకి పసుపు మెత్తి, కుంకుమబొట్టు పెట్టారు. అది సరిగ్గా గాలి బెజ్జం మీద ఎండి బిగిసింది. లోపలికి గాలి పోనిదే పెట్రోలు బయటికి రాదు. నా సైన్సు క్లాసులో నువ్వు తప్పిన పాఠమే. పిన్నీసుతో పొడిచి, బోటు తిప్పించాను. ఒక్కసారీ ఆగలేదు.

ఆ బొట్టు పెట్టింది దేవిక కాదు, మీ అమ్మ. నీ లెక్కన దాన్నీ పుట్టింటికి పంపాలి. అది నా ఇల్లే, నేను రానివ్వను.

దేవికకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "వచ్చెయ్యమంటారా అమ్మమ్మగారూ?" అని అడిగింది. వద్దన్నాను. మోటారుకి పిన్నీసు సరిపోయింది. నీకేం సరిపోతుందో నాకింకా తెలీలేదు.

మీ అమ్మమ్మ